పటేలు తానం

బీరంగూడలో మా అపార్టుమెంటు కిందికి అప్పుడప్పుడు ఒక నీలం వ్యాను వచ్చి ఆగుతుంది. కుక్కలకు స్నానం చేయించి, బొచ్చు దువ్వి, గోళ్లు తీసి పంపించే వ్యాను. రెండో అంతస్తు వాళ్ల ముసలి కుక్క దానికి పాత గిరాకీ. మొన్న నేను కొత్తిమీర కొనుక్కుని వస్తుంటే సరిగ్గా అప్పుడే దాని తలుపు తెరుచుకుంది. లోపలి నుంచి వెచ్చని గాలి, దానితో ఏదో పూల సబ్బు వాసన వచ్చి మొహానికి తగిలాయి. ఆ సబ్బు వాసన అడుగున ఇంకో వాసన ఉంది. ఎంత రుద్దినా పోని వాసన. తడిసిన గొంగడి వాసన.

నేను అక్కడే నిలబడిపోయాను. వ్యానులోని అమ్మాయి ఏమన్నా కావాలా ఆంటీ అని అడిగింది. ఏమీ వద్దని తల ఊపాను. నా కళ్ల ముందు వ్యాను లేదు. చిట్కుల్‌లో మా ఇంటి వెనక బండ ఉంది. దాని మీద ఇటు మా నాయనమ్మ, అటు మా అమ్మ, మధ్యలో నురగతో తెల్లబడిపోయిన పటేలు.

అప్పటికే మా ఊరి చుట్టూ ఫ్యాక్టరీలు వచ్చేశాయి. అయినా ఊరు ఇంకా ఊరుగానే ఉండేది. పొద్దున్నే ఒక పక్క బర్రెలు, ఇంకో పక్క షిఫ్టు బస్సులు ఒకే దారిలో పోయేవి. బర్రెలు పక్కకు జరిగేవి కావు, డ్రైవర్లే ఆగేవాళ్లు. గాలి ఇటు తిరిగితే మందుల కంపెనీల వాసన ఇంట్లోకి వచ్చేది, మాగిపోయిన అరటిపండును స్పిరిట్‌లో ముంచినట్టు. నాయనమ్మ ఆ వాసనను బట్టి వాన చెప్పేది. చాలాసార్లు నిజమయ్యేది కూడా.

నాన్న ఒక ఇనుము కంపెనీలో సెక్యూరిటీ గార్డు. అమ్మ ఇంట్లో కుట్టుమిషను మీద జాకెట్లు కుట్టేది. అమ్మ పుట్టిల్లు సంగారెడ్డి, బజారు మధ్యలో పెరిగిన మనిషి. నాయనమ్మ బతుకంతా కలుపు తీయడంలో, నాట్లు వేయడంలో గడిచింది. వాళ్లిద్దరికీ పడదని ఎవరూ అనలేరు. పోట్లాడుకోవాలంటే ముందు మాట్లాడుకోవాలి కదా. ఉప్పు ఉందా, ఉంది. పిల్ల తిన్నదా, తిన్నది. అంతటితో ఆ రోజుకు మాటలు అయిపోయేవి. మిగిలిన మాటలన్నీ నాతోనే. నాయనమ్మ తన ముచ్చట్లు నాకు చెప్పేది, అమ్మ తన ముచ్చట్లు నాకు చెప్పేది. ఒకరివి ఇంకొకరికి చేరేవి కావు.

నాకు పదేళ్లప్పుడు, వినాయకుడి నిమజ్జనం అయిన మరునాడు, నాన్న రాత్రి డ్యూటీ దిగి ట్రాలీ ఆటోలో వచ్చాడు. వెనక ఒక పెద్ద కుక్క కూర్చుని ఉంది. ఎత్తయిన చెవులు, పొడుగు మూతి, నల్లటి బొచ్చు. కంపెనీ కాపలా కుక్క. ఎన్నో ఏళ్లుగా నాన్నతో కలిసి ప్రహరీ వెంట రౌండ్లు కొట్టిన కుక్క. వెనక కాళ్లు బలహీనపడి రౌండ్లు తిరగలేకపోతోందని కంపెనీవాళ్లు రెండు పడుచు కుక్కల్ని తెచ్చుకున్నారట.

"యాడనన్న ఇడిసిపెట్టి రమ్మన్నరు," అన్నాడు నాన్న, ఎవరి మొహమూ చూడకుండా. "ఇన్నేండ్లు నా ఎంబడి తిరిగింది. యాడ ఇడిసిపెట్టాలె?"

నాయనమ్మ ఆటో చుట్టూ ఒకసారి తిరిగి, కుక్కను తెచ్చినవా, దూడను తెచ్చినవా అని అడిగింది. అమ్మ వెనక్కి తిరిగి ఇంట్లోకి చూసింది. మాకున్నవి రెండు గదులు. అందులో ఒకటి సగం కుట్టుమిషనుకే పోయింది.

నాన్న దాన్ని ఎత్తి దించాడు. అది వాకిట్లో నాలుగడుగులు వేసింది. గోళ్లు బాగా పెరిగి వంకర తిరిగినట్టున్నాయి, బండల మీద టక్కుటక్కుమని చప్పుడయింది. నడిచి నడిచి, ఇంటి ముందరి అరుగు పక్కన వెన్ను నిటారుగా పెట్టి కూర్చుంది. దారిన పోయేవాళ్లను ఒక్కొక్కరినే తేరిపార చూసింది. ఎవరి దగ్గరికీ పోలేదు, ఎవరినీ రమ్మనలేదు.

"పటేలు లెక్క కూసున్నడు సూడు," అంది నాయనమ్మ.

కంపెనీలో దానికి ఏదో ఇంగ్లీషు పేరుండేది, ఇప్పుడు నాకు గుర్తు లేదు. ఆ రోజు నుంచి మా ఇంట్లో పటేలే. పేరు పెట్టాక అతన్ని 'అది' అనడం కూడా మానేశాం.

పటేలుతో పాటు అతని వాసనా వచ్చింది. ఏళ్ల తరబడి ఇనుప పొడిలో, గ్రీజులో, వానలో నానిన బొచ్చు. చెవుల వెనక, తోక మొదట్లో, తొడల మీద జడలు కట్టి చాపలా గట్టిపడింది. రాత్రంతా గోక్కునేవాడు. పొరుగువాళ్లు మా గుమ్మం ముందునుంచి పోతూ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునేవాళ్లు. స్నానం చేయిస్తే సరిపోతుందని మొదటి ఆదివారమే నాయనమ్మ నడుం కట్టింది.

నాన్నకు ఆ రోజు రెండు షిఫ్టులు. నాయనమ్మ కుంకుడుకాయలు కొట్టి చిక్కగా రసం తీసింది. బర్రెల్ని తోమే పీచు పట్టుకుంది. నేను పటేలు మెడపట్టీ పట్టుకున్నాను. ఇంటి వెనక బండ వానలకు పాకుడు పట్టి ఉంది, ఆ సంగతి ఎవరికీ తట్టలేదు. అమ్మ మొహం తిప్పుకుని, పని తొందరగా కావాలని, వెనకనుంచి ఒక బకెట్ చన్నీళ్లు గుమ్మరించింది. పటేలు ఉలిక్కిపడ్డాడు. వెనక కాళ్లు రెండూ చెరో పక్కకు జారిపోయి కప్పలా నేలకు కరుచుకున్నాడు. అయ్యో అని అమ్మ వంగి నడుం కింద చేయి వేసి లేపబోయింది.

అప్పుడు పటేలు అరిచిన అరుపు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. మనిషి అరిచినట్టే అరిచాడు. తల వెనక్కి తిప్పి అమ్మ చేతిని పట్టేశాడు. పట్టిన మరుక్షణం వదిలేశాడు. పళ్లు దిగలేదు గాని గాజులు పగిలాయి, ఒక గాజుపెంకు గీరి మణికట్టు మీద సన్నగా నెత్తురు వచ్చింది.

పటేలు ముందు కాళ్లతో ఈడ్చుకుంటూ కట్టెల మోపు పక్కకు పోయి, గోడ వైపు మొహం పెట్టుకుని వణుకుతూ నిలబడ్డాడు. వంటి మీది నురగ బొట్లు బొట్లుగా కారుతోంది. తప్పు చేశానని అతనికి తెలుసు.

అమ్మ ఏడవలేదు. గాజుముక్కలు ఏరి పారేసి, సర్కారు దవాఖానకు పోయి సూది వేయించుకుని వచ్చింది. సాయంత్రం నాన్న వచ్చాక, ఇంట్లో పిల్ల ఉన్నది, ఈసారి నా చేయి, రేపు పిల్ల మొహం అయితే ఏంది అని అడిగింది. పటేల్‌గూడ దగ్గర కోళ్ల ఫారం పెట్టుకున్న ఆయన ఒకరు కాపలాకు కుక్క కావాలని ఎప్పటినుంచో అడుగుతున్నాడు. దసరాకు సెలవు దొరుకుతుంది, అప్పుడు తీసుకుపోయి అప్పజెప్పుతానన్నాడు నాన్న. ఆ ఫారం నేను చూశాను. అక్కడ కుక్కను గొలుసుతో ఒక కమ్మికి కట్టేస్తారు. ఎండైనా వానైనా దానికి ఆ కమ్మి చుట్టే తిరుగుడు. ఆ రాత్రి అన్నం సయించక కంచం పక్కకు నెట్టేశాను.

నాయనమ్మ మాత్రం ఒక మాట అంది. "ఇచ్చేదుంటె ఇయ్యి. గని ముందుగాల డాక్టరుకు సూపెట్టు. గట్ల మొత్తుకున్నడంటె యాడనో నొస్తున్నది."

పటాన్‌చెరు పశువుల దవాఖానకు నాన్న, నాయనమ్మ, నేను పటేలును తీసుకుపోయాం. అక్కడున్న డాక్టరమ్మ వయసులో చిన్నదే. మూతికి గుడ్డ కట్టించి, పటేలు మెడ దగ్గర మొదలుపెట్టి నెమ్మదిగా వెన్ను వెంట చేయి పోనిచ్చింది. నడుం దగ్గరికి రాగానే పటేలు గుర్రుమన్నాడు. చేయి తీసేసింది. నాయనమ్మ వైపు తిరిగి, మీకు మోకాళ్ల నొప్పులున్నాయా పెద్దమ్మా అని అడిగింది. ఎందుకు లేవు, లేస్తే కూర్చోలేను, కూర్చుంటే లేవలేనంది నాయనమ్మ. ఇతనికీ అంతే, తుంటి కీళ్లు అరిగిపోయాయి, చెప్పుకోలేక పళ్లు చూపిస్తున్నాడని చెప్పింది డాక్టరమ్మ.

ఆ తర్వాత ఎలా కడగాలో ఓపిగ్గా చెప్పింది. తడి బండ మీద గోనెసంచి పరవాలి, కాలు జారకూడదు. నీళ్లు గోరువెచ్చగా ఉండాలి, పాదాల నుంచి పైకి పోసుకుంటూ రావాలి. మొహం మీద పోయకూడదు, తడిగుడ్డతో తుడవాలి, చెవుల్లోకి చుక్క పోకూడదు. అలిసిపోతే పడుకోనివ్వాలి. ఒక్కరోజులో అంతా చేయాలని చూడొద్దు, ముందు మీ చేతులు అలవాటు కానివ్వండి అంది. నాయనమ్మ తనకు తెలిసిన వైద్యమంతా వరసగా అడిగింది. కుంకుడు రసమో? వద్దు, కళ్లు మండుతాయి. పిడుదులకు కిరసనాయిలు పూస్తేనో? అసలే వద్దు, చర్మం కాలిపోతుంది. పసుపూ సున్నమో? డాక్టరమ్మ తల పట్టుకుంది. బయటికి వచ్చాక నాయనమ్మ నాన్నతో, ఏది చెప్పినా వద్దంటున్నది, మంచి డాక్టరే అయ్యుంటది అంది.

అలా మొదలైంది. కాని చేతులు అలవాటు కావాలంటే ముందు పటేలు మాట వినాలి. అక్కడే చిక్కు వచ్చిపడింది. నాయనమ్మ కూర్చో అంటే పటేలు కూర్చోడు. లే అంటే లేవడు. కంపెనీలో అతన్ని సాకిన ఆఫీసరు మిలిటరీలో పనిచేసి వచ్చినవాడు, అంతా ఇంగ్లీషులోనే నేర్పించాడు. పటేలుకు సిట్, స్టే తెలుసు గాని తెలుగు ఒక్క ముక్క రాదు.

"గీయన దొర అయితుండు," అని నాయనమ్మ నిష్ఠూరంగా అంది గాని, మరునాటి నుంచే నేర్చుకోవడం మొదలుపెట్టింది. జొన్నరొట్టెలు తడుతూ తట్టుకొకటిగా, సిట్టు, ఇస్టే, సిట్టు, ఇస్టే అని వల్లించేది. పెనం మీద రొట్టె పొంగకుండా పక్కకు జారితే దాన్ని కూడా ఇస్టే అనేది. ఒకసారి ఇస్నాపూర్ దగ్గర మేం అందుకోకముందే బస్సు కదిలితే, చేయెత్తి కండక్టరును ఇస్టే అని గట్టిగా పిలిచింది. బస్సు నిజంగానే ఆగింది. ఇక ఇంగ్లీషు మీద నాయనమ్మకు గురి కుదిరిపోయింది.

మొదటిరోజు నాన్న చేసి చూపించాడు. సిట్ అన్నాడు, పటేలు కూర్చున్నాడు. నాన్న అతని తల నిమిరి గుడ్ బాయ్ అన్నాడు. నాయనమ్మ నాన్న చేతుల వైపు చూసింది, జేబు వైపు చూసింది.

"ఏది?" అంది.

"ఏంది?"

"గుడ్డు. గుడ్డంటివి గద."

నాన్న నవ్వాపుకుంటూ, అది కోడిగుడ్డు కాదే అవ్వా, మంచి పిల్లగాడు అని అర్థం అని చెప్పాడు. బడిలో ఇంగ్లీషు చదువుకుంటున్నదాన్ని కాబట్టి నేనూ వంత పాడాను. నాయనమ్మ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఆమెకు నవ్వు రాలేదు.

"పాపం, ఇన్నేండ్ల సంది గుడ్డు గుడ్డు అనుకుంట పని చేపిచ్చుకున్నరు," అంది. "ఒక్కనాడన్న పెట్టిన్రా?"

నాన్న నవ్వు ఆగిపోయింది. లేదు, పెట్టలేదన్నాడు.

"మనమట్ల మాట తప్పొద్దు," అని లేచి వంటింట్లోకి పోయింది.

మాకు నాలుగు కోళ్లుండేవి. ఆ గుడ్లు పొదగడానికో, చుట్టాలొస్తేనో తప్ప ముట్టుకోనిచ్చేది కాదు. అలాంటిది ఆ రోజు నుంచి పటేలు ఒంటి మీద చేయి పడిన ప్రతిసారీ ఒక గుడ్డు ఉడికేది. సగం పటేలుకు, పక్కన కూర్చున్నందుకు సగం నాకు. ఆ మాటకు అసలు అర్థమేమిటో నాయనమ్మకు మళ్లీ చెప్పాలని నాకెప్పుడూ అనిపించలేదు.

రోజూ బడి నుంచి రాగానే సంచి గోడకు తగిలించి అరుగు దగ్గరికి పరుగెత్తేదాన్ని. మొదటి రోజులు ఊరికే చేయి వేసి ఉంచడమే. మెడ మీద, భుజం మీద, పొట్ట పక్కన. నాయనమ్మ ముందు కూర్చుని ఇస్టే, గుడ్డు బాయి అంటూ ఉండేది. ఉడికిన గుడ్డు వాసన పీల్చుకుంటూ పటేలు కదలకుండా కూర్చునేవాడు. కొన్నాళ్లకు తడిగుడ్డతో మొహం తుడవనిచ్చాడు. కళ్ల మూలల పుసి మెత్తబడి వచ్చేసింది. ఆ తర్వాత నాయనమ్మ తన చెక్క దువ్వెన తెచ్చి, వీపు మీద, అదీ వెంట్రుకలు పడుకున్న వైపే దువ్వింది. దువ్వెన నిండా తుప్పు రంగు పొడి. నాన్న కంపెనీ నుంచి చిన్న ఆకురాయి తెచ్చాడు. పటేలు నిద్రపోతున్నప్పుడు పక్కన పడుకుని, ఒక రోజు ఒక పాదం, ఇంకో రోజు ఇంకో పాదం, గోళ్ల కొసలు మాత్రం కొద్ది కొద్దిగా రాసేవాడు. లోపల నెత్తురు నరం ఉంటుందని డాక్టరమ్మ చెప్పిన మాట ప్రతిసారీ గుర్తుచేసుకునేవాడు. అలా రాస్తూ రాస్తూ తనూ నిద్రపోయేవాడు.

నడుం కిందికి మాత్రం పటేలు ఎవరినీ రానిచ్చేవాడు కాదు. చేయి అటు పోతే చాలు, గొంతులో చిన్న రాయి దొర్లినట్టు చప్పుడు చేసేవాడు. జడలు కట్టిన బొచ్చంతా అక్కడే ఉంది. దసరా దగ్గర పడుతోంది.

అమ్మ ఇవన్నీ కిటికీ దగ్గర మిషను తొక్కుతూ చూస్తూ ఉండేది. బయటికి వచ్చేది కాదు. పటేలు కూడా అమ్మ గడపలోకి వస్తే తల దించుకుని పక్కకు జరిగిపోయేవాడు.

బతుకమ్మ మొదలైన రోజుల్లో ఒక మధ్యాహ్నం నాయనమ్మ నిద్రపోయింది. నేనే చేసేద్దామని వంటింట్లోని మొండి కత్తెర పట్టుకుని పటేలు పక్కన కూర్చున్నాను. కొబ్బరినూనె రాసి జడను కొంచెం వదులు చేశాను గాని, కత్తెర కోయలేదు, నమిలింది. బొచ్చు లాక్కుపోయి పటేలు గుర్రుమన్నాడు. కిటికీలో మిషను చప్పుడు ఆగింది.

అమ్మ బయటికి వచ్చింది. చేతిలో తన కత్తెర. బట్టకు తప్ప కాగితానికి కూడా తగలనివ్వని కత్తెర, మా నాన్నను కూడా పట్టుకోనివ్వనిది.

"జరుగు," అంది నాతో. "బట్టనైతే గిట్లనే కోస్తవా?"

పటేలు లేవబోయాడు. అమ్మ వెంటనే ముట్టుకోలేదు. కాస్త దూరంలో కూర్చుని, మణికట్టు అతని మూతి ముందు పెట్టింది. గాజు గీరిన చోట ఇంకా సన్నటి గీత ఉంది. పటేలు వాసన చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత ఆ గీత మీద ఒకసారి నాకాడు. అమ్మ కొంచెం దగ్గరికి జరిగింది. ఎడమచేత్తో దువ్వెన తీసుకుని, జడకూ చర్మానికీ మధ్య సన్నగా దూర్చింది, అస్తరు గుడ్డ తెగకుండా పై గుడ్డ కోసేటప్పుడు స్కేలు దూర్చినట్టు. దువ్వెన పైనే కత్తెర ఆడించింది. కిర్రుమని ఒక్క చప్పుడు. గట్టిపడ్డ బొచ్చు ముద్ద చాపముక్కలా ఊడి నా ఒళ్లో పడింది.

పటేలు గుర్రుమనలేదు. అమ్మ ఇంకోటి కోసింది. నాయనమ్మ లేచి వచ్చి గడపలో నిలబడి చూసింది. చప్పుడు చేయకుండా వచ్చి పటేలు తల దగ్గర కూర్చుని, గుడ్డు బాయి, గుడ్డు బాయి అని మెల్లగా అంటూ ఉంది. చివరికి తోక మొదట్లో ముద్ద కూడా వచ్చేసింది. కింద చర్మం చిన్నపిల్లల బుగ్గలా గులాబీ రంగులో ఉంది. పటేలు పెద్దగా నిట్టూర్చి, తలను తీసుకుపోయి అమ్మ మోకాలి మీద పెట్టుకున్నాడు. అమ్మ కత్తెర కింద పెట్టింది.

పెద్ద స్నానం ఆ ఆదివారమే. బండ మీద పాకుడు గీకేసి రెండు గోనెసంచులు పరిచాం. కాగులో వేపాకు వేసి నీళ్లు కాచాం. డాక్టరమ్మ ఇచ్చిన సబ్బును నాన్న అరచేతిలో నీళ్లతో కలిపి పాదాల నుంచి మొదలుపెట్టాడు. నేను పటేలు చెవులు మూసి పట్టుకున్నాను. అమ్మ ఒక తువ్వాలు పొట్ట కింద నుంచి వేసి రెండు కొసలూ పట్టుకుని, వెనక కాళ్ల మీద బరువు పడకుండా నిలబడింది. మొదట నల్లటి నీళ్లు పారాయి. తర్వాత తుప్పు రంగు నీళ్లు. తర్వాత బియ్యం కడుగు లాంటి నీళ్లు. వెచ్చటి నీళ్లు నడుం మీద పడినప్పుడు పటేలు కళ్లు మూసుకుని, పెద్దవాళ్లు వేన్నీళ్లు పోసుకుంటూ మూలిగినట్టు మూలిగాడు.

మేమంతా అతన్ని నల్ల కుక్క అనుకున్నాం. నీళ్లు తేటబడ్డాక చూస్తే వీపు ఒక్కటే నలుపు. రొమ్ము, కాళ్లు, పొట్ట అన్నీ తోమిన ఇత్తడి రంగు. ఇన్నేళ్లు కలిసి తిరిగిన నాన్నకే ఆ సంగతి తెలియదు. అందరం నోరు తెరుచుకుని చూస్తుండగా పటేలు తల నుంచి తోక దాకా ఒక్క విదిలింపు విదిలించాడు. నాలుగు దిక్కులా నీళ్లు. నాన్న మీసాలు, నాయనమ్మ కొంగు, నా గౌను, అన్నీ తడిసిపోయాయి. ముందు నవ్వింది అమ్మే. అమ్మ అంత గట్టిగా నవ్వగలదని నాకు అప్పటిదాకా తెలియదు.

తర్వాత ఎండలో ఆరబెట్టడం. వాన వెలిసిన ఎండ. ఇటు నాయనమ్మ, అటు అమ్మ, చెరో పాత చీరముక్క పట్టుకుని ఒత్తుతూ కూర్చున్నారు. ముసలి కుక్కకు చలి పట్టకుండా అడుగు బొచ్చు దాకా ఆరాలంటే చాలాసేపు పడుతుంది. చేతులకు పని ఉంది, నోళ్లకు లేదు. నాయనమ్మే మొదలుపెట్టింది. చిన్నప్పుడు తమ ఊళ్లో మంజీర ఇసుకలో పుచ్చకాయలు పండేవని, రాత్రి కాపలాకు తనూ తన చెల్లీ పడుకునేవాళ్లమని, నక్కలు వచ్చి ఏది పండిందో దాన్నే కొరికేవని చెప్పింది. నక్కకెట్ల తెలుస్తది అత్తా అని అమ్మ అడిగింది. తట్టి సూస్తదేమో అంది నాయనమ్మ. ఇద్దరూ నవ్వారు. అప్పుడు అమ్మ తన సంగతి చెప్పింది. వాళ్ల నాన్న కూడా బట్టలు కుట్టేవాడట. పండగ ముందు రోజుల్లో నిద్ర లేక, ఒకసారి ఎవరిదో చొక్కాకు రెండు చేతులూ ఒకే పక్కకు కుట్టేశాడట. నాయనమ్మ కళ్లలో నీళ్లు వచ్చేలా నవ్వింది. ఈ కథలన్నీ నాకు పాతవే. కాని ఒకరు చెబుతుంటే ఇంకొకరు వినడం కొత్త.

దసరాకు రెండు రోజుల ముందు నాన్న గొలుసు వెతుకుతుంటే, సూదిలో దారం ఎక్కిస్తూ అమ్మ తల ఎత్తకుండానే అంది.

"గా ఫారమాయనను ఇంకో కుక్కను సూసుకొమ్మని చెప్పు. గీయన ఈడనే ఉంటడు."

నాన్న గొలుసు ఎక్కడ పెట్టాడో నాకు తెలియదు. మళ్లీ నేను దాన్ని చూడలేదు.

దసరా రోజు ఆయుధపూజకు కంపెనీలోకి ఇంటివాళ్లను రానిచ్చేవాళ్లు. మిషన్లకు పసుపు కుంకుమలు, లారీ చక్రాల కింద నిమ్మకాయలు, చేతికి మరమరాలూ బూందీ పొట్లం. ఆ ఏడు మేం పటేలును తీసుకుపోయాం. మెడలో బంతిపూల దండ. గేటు దగ్గర గార్డులు మొదట గుర్తుపట్టలేదు. గుర్తుపట్టాక ఒకాయన సెల్యూట్ కొట్టాడు. పటేలు గేటులోకి పోగానే ఎవరూ చెప్పకుండానే ఎడమవైపు తిరిగాడు. తన పాత రౌండు. మెల్లగా, ఆగి ఆగి, ప్రతి మూలా వాసన చూసుకుంటూ ప్రహరీ వెంట నడిచాడు. వెనక నాన్న, నేను, అమ్మ, మోకాళ్లు పట్టుకుంటూ నాయనమ్మ. ఎవరం తొందరపెట్టలేదు.

రౌండు పూర్తయ్యేసరికి మేనేజరు ఎదురయ్యాడు. ఉత్తరాది మనిషి. ఈ కొత్త కుక్క ఎక్కడిదని హిందీలో అడిగాడు. కొత్తది కాదు సార్, పాతదే అని నాన్న చెప్పాడు. ఆయన నమ్మలేకపోయాడు. నాయనమ్మ ముందుకొచ్చి సిట్టు అంది. పటేలు నెమ్మదిగా కూర్చున్నాడు. మేనేజరు సంతోషపడి, వంగి తల నిమిరి, గుడ్ బాయ్ అన్నాడు.

నాయనమ్మ చేయి చాపింది.

"గుడ్డేది సారూ?"

నాన్న మొహం తెల్లబోయింది. ఏమంటోందని మేనేజరు అడిగాడు. ఈ కథ అంతకుముందే నాన్న నోట విన్న ఒక గార్డు హిందీలో చెప్పేశాడు, తెలుగులో గుడ్డంటే అండా, ఇన్నేళ్లుగా ఈ కంపెనీలో గుడ్డు గుడ్డు అన్నారు గాని ఒక్కటీ పెట్టలేదంటోంది సార్ అని. మేనేజరు నాయనమ్మనూ పటేలునూ చూశాడు. కోప్పడతాడనుకున్నాం. నిజమే, ఇవ్వాల్సిందే అన్నాడు. పండగ కాబట్టి క్యాంటీన్ మూసి ఉంది. గార్డుల డబ్బాలన్నీ వెతికితే ఒకాయన కూరలో గుడ్డు దొరికింది. మేనేజరే కుళాయి కింద మసాలా కడిగి, మోకాళ్ల మీద కూర్చుని తన చేత్తో పటేలుకు తినిపించాడు. నాయనమ్మ తృప్తిగా తల ఊపి, జమ్మి ఆకు తీసి ఆయన చేతిలో పెట్టింది.

ఆ తర్వాత పటేలు ఇంకో రెండు చలికాలాలు మాతో ఉన్నాడు. ఆదివారం స్నానం మాత్రం ఎవరూ తప్పించలేదు. చివరికి అతను లేవలేనప్పుడు పడుకున్నచోటే గుడ్డతో తుడిచేవాళ్లం. ఒక ఉదయం ఎండలో, ముందురోజు దువ్విన బొచ్చు ఇంకా చెదరకుండానే, నిద్రలో పోయాడు. నాన్న ఇంటి వెనక మిరపమళ్ల పక్కన పూడ్చాడు.

ఇప్పుడక్కడ మిరపమళ్లు లేవు, మా ఇల్లూ లేదు. ఎవరిదో గోదాము ఉంది. నాయనమ్మ పోయింది, నాన్న పోయాడు. అమ్మ నా దగ్గరే ఉంటుంది. ఆ రోజులు తలచుకుంటే పటేలు పోయిన దుఃఖం కన్నా, ఆ తర్వాత వచ్చిన మొదటి ఆదివారమే నాకు ఎక్కువ గుర్తుకొస్తుంది. ఆ రోజు స్నానం లేదు, ఎవరికీ పని లేదు. అయినా మధ్యాహ్నం కాగానే నాయనమ్మ వెళ్లి వెనక బండ మీద కూర్చుంది. కాసేపటికి అమ్మ మిషను ఆపి వెళ్లి పక్కన కూర్చుంది. మొదట పటేలు గురించే మాట్లాడుకున్నారు. తర్వాత ఎక్కడెక్కడికో పోయారు. పొద్దు వాలింది, లేవలేదు. నాన్న డ్యూటీ దిగి వచ్చేసరికి పొయ్యి రాజలేదు. ఆయన కిటికీలోంచి వాళ్లను చూసి, నా వైపు చూసి, పిలవొద్దని సైగ చేశాడు.

ఆ పూట నేనే బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టాను. నా బతుకులో నేను వండిన మొదటి అన్నం అది. అడుగంటింది. అమ్మా, నాయనమ్మా ఆ మాడిన అన్నం కంచాల్లో పెట్టుకుని మళ్లీ బండ మీదికే పోయారు. వాళ్ల ముచ్చట ఇంకా తెగలేదు.